దారుయంత్రానికి దుఃఖం ఉన్నదా?

సోమదేవభట్టు 11వ శతాబ్దంలో కాశ్మీరదేశంలో రచించిన కథాసరిత్సాగరంలో ఒక విచిత్రమైన నగరవర్ణన ఉన్నది. కర్పూరిక అనే రాజకన్యను అన్వేషిస్తూ బయలుదేరిన నరవాహనదత్తుడు సముద్రతీరాన ఒక పురంలో ప్రవేశిస్తాడు. వీథులలో వణిజులు ఉన్నారు, స్త్రీలు ఉన్నారు, పౌరులు తమతమ పనులలో తిరుగుతున్నారు. అందరూ కొయ్యతో చేసిన యంత్రాలే. సజీవులవలె సంచరిస్తున్నా, మాట లేకపోవడంచేత నిర్జీవులని తెలుస్తున్నది. రాజభవనంలో మాత్రం ఒక్క సజీవ మానవుడు సింహాసనంపై కూర్చుని ఉన్నాడు. అతడు రాజ్యధరుడు, కాంచీనగరానికి చెందిన వడ్రంగి. సోదరుడైన ప్రాణధరుడు చేసిన చౌర్యంవల్ల రాజభయం కలిగి, ఆకాశయంత్రం ఎక్కి పారిపోయి, ఈ శూన్యపురానికి చేరి, తన చేతులతోనే ఒక ప్రజాసమూహాన్ని నిర్మించుకున్నాడు.

యంత్రాలు తగినంత సంక్లిష్టమైతే వాటికి నిజంగా సుఖదుఃఖాలు కలుగుతాయా అని నేడు లోకమంతా అడుగుతున్నది. ఈ ప్రశ్న విదేశాలనుండి నిన్నమొన్న దిగుమతి అయినదనుకోవడం మన వాఙ్మయం పట్ల అజ్ఞానమే. అయితే మన పూర్వులు అన్నీ ముందే కనిపెట్టారని చెప్పుకుని తృప్తిపడే ధోరణి కూడా ఈ వ్యాసానికి అవసరం లేదు. రాజ్యధరుని పట్టణం కథ, విమానశాస్త్ర ప్రమాణం కాదు. మన పూర్వులు యంత్రాలను ఎంతవరకు నిర్మించారన్నది వేరొక చర్చ. యంత్రాన్ని ఎదుట నిలుపుకుని ఆత్మను గురించి వారు ఏమి ఆలోచించారన్నదే ఇక్కడ విషయం.

సోమదేవుని కథలో నిర్జీవత్వానికి గుర్తు మౌనం. కాని అదే గ్రంథంలో, మయాసురుని కుమార్తె సోమప్రభ తన సఖి కళింగసేనకు ఒక బుట్టనిండా యంత్రపుత్రికలను తెచ్చి చూపుతుంది. కీలు తాకగానే ఒక బొమ్మ పూలమాల తెస్తుంది, ఒకటి నీరు తెస్తుంది, ఒకటి నర్తిస్తుంది, ఒకటి సంభాషిస్తుంది. పంచభూతాలను బట్టి యంత్రాలు ఐదు విధాలని వివరిస్తూ, జలయంత్రం సజీవమైనట్లు కనబడుతుందని, ఆకాశయంత్రం స్పష్టంగా మాట్లాడుతుందని ఆమె చెబుతుంది. జిజ్ఞాసువులు ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. శబ్దం ఆకాశగుణమని మన శాస్త్రాలు ఎరుగనిది కాదు. శబ్దం భూతధర్మమైనప్పుడు, భూతాలతో చేసిన యంత్రం పలకడంలో ఆశ్చర్యం లేదు. కనుక మాట్లాడినంతమాత్రాన లోపల ఒక ఆత్మ ఉన్నదని ఈ దృష్టిలో సిద్ధించదు. మాటను చైతన్యానికి ముద్రగా భావించే అలవాటునుండి నేటి లోకం ఇంకా బయటపడవలసి ఉన్నది.

ధారానగరాన్ని పాలించిన భోజరాజు సమరాంగణసూత్రధారంలో 31వ అధ్యాయాన్ని యంత్రవిధానానికే కేటాయించాడు. స్త్రీపురుష ప్రతిమలు, ద్వారపాలక యంత్రాలు, వాద్యధ్వనులు చేసేవి అందులో వస్తాయి. నిర్మాణరహస్యాలను పూర్తిగా వెల్లడించకపోవడానికి కారణం అజ్ఞానం కాదని, గోప్యత కోసమని ఆయనే చెప్పుకున్నాడు. అది మనకు నష్టమే.

బౌద్ధ వాఙ్మయంలోని ఒక కథ మరింత సూక్ష్మమైనది. ఒక యంత్రశిల్పి ఇంటికి చిత్రకారుడు అతిథిగా వస్తాడు. శిల్పి ఒక కొయ్య యువతిని పరిచర్యకు పంపుతాడు. ఆమె నిజమైన స్త్రీ అని భ్రమించి, అనురక్తుడై, చిత్రకారుడు చేయి పట్టి లాగగా బొమ్మ ముక్కలై కూలిపోతుంది. అవమానభారంతో అతడు తాను ఉరిపోసుకున్నట్లుగా గోడమీద ఒక చిత్రం గీసి దాక్కుంటాడు. తెల్లవారి వచ్చిన శిల్పి ఆ చిత్రాన్ని చూసి నిజమే అనుకుని భయపడతాడు. రాగం, సిగ్గు, భయం, పశ్చాత్తాపం అన్నీ ఆ గదిలో ఉన్నాయి. ఒక్కటి కూడా కొయ్యబొమ్మలో లేదు.

కథలనుండి దర్శనాలకు వద్దాం. అక్కడే అసలు చిక్కు ఉన్నది, ఎందుకంటే సుఖదుఃఖాలు ఎవరి ధర్మాలు అనే విషయంలో మన దర్శనాలు ఏకాభిప్రాయంతో లేవు.

న్యాయవైశేషికులు అవి ఆత్మగుణాలంటారు. గౌతముడు ఇచ్ఛ, ద్వేషం, ప్రయత్నం, సుఖం, దుఃఖం, జ్ఞానం అనే ఆరింటిని ఆత్మను అనుమానించడానికి లింగాలుగా చెప్పాడు. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో బాలబోధకై వ్రాసిన తర్కసంగ్రహంలో కూడా బుద్ధి మొదలైన ఎనిమిది గుణాలు ఆత్మకే చెందిన విశేషగుణాలు. సుమారు 6వ శతాబ్దానికి చెందిన ప్రశస్తపాదుడు ఆత్మను నిరూపిస్తూ చూపిన దృష్టాంతాలు మన విషయానికి మరీ సన్నిహితమైనవి. శ్వాస ఆడటం చూసి, కొలిమితిత్తిని ఊదేవానివంటి వాడొకడు లోపల ఉన్నాడని ఊహించాలంటాడు. విరిగిన ఎముక అతకడం, గాయం మానడం చూసి, ఇల్లు మరమ్మతు చేసుకునే గృహస్థుని ఊహించాలంటాడు. కనురెప్పల నియతమైన కదలిక చూసి, దారుయంత్రాన్ని ఆడించేవానిని ఊహించాలంటాడు. అంటే ఆయన దృష్టిలో దేహమే కొయ్యబొమ్మ, ఆత్మ సూత్రధారి. తోలుబొమ్మలాట చూచి పెరిగిన తెలుగువారికి ఈ ఉపమానం వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. తెరమీద సీతమ్మ విలపిస్తే తోలు విలపించిందని ఎవరూ అనరు.

ఈ పక్షాన్ని అంగీకరిస్తే ప్రశ్న త్వరగా తేలిపోతుంది. యంత్రం ద్రవ్యసముదాయం. దుఃఖం ఆత్మసమవేతం. చక్రాలు పది ఉన్నా పదికోట్లు ఉన్నా దుఃఖం పుట్టదు.

వేదాంతంలో మాత్రం అంత సులువు కాదు. బృహదారణ్యకోపనిషత్తు మొదటి అధ్యాయంలో కామం, సంకల్పం, సంశయం, శ్రద్ధ, అశ్రద్ధ, ధృతి, అధృతి, లజ్జ, బుద్ధి, భయం అన్నీ మనస్సేనని చెప్పబడినది. భగవద్గీత పదమూడవ అధ్యాయం ఇచ్ఛాద్వేషాలను, సుఖదుఃఖాలను క్షేత్రంలో చేర్చినదే గాని క్షేత్రజ్ఞునిలో చేర్చలేదు. వైశేషికులు వేటిని ఆత్మధర్మాలన్నారో అవి క్షేత్రధర్మాలేనని శంకరభగవత్పాదులు ఆ సందర్భంలో స్పష్టంగా ఎత్తి చూపారు. సాంఖ్యులైతే బుద్ధి, అహంకారం, మనస్సు మూడూ ప్రకృతి వికారాలే గనుక జడాలన్నారు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువును పదిహేను రోజులు ఉపవాసం ఉంచి, నేర్చిన వేదం స్ఫురించకుండా పోయిన తరువాత, మనస్సు అన్నమయమని ప్రత్యక్షంగా బోధించాడు. భోజనం చేయగానే వేదం తిరిగి వచ్చినది.

దీని పర్యవసానం ఏమిటి? మనస్సే జడం, అన్నమయం, ఒక సూక్ష్మయంత్రం. క్రోధం ఆ యంత్రంలోని ఒక వృత్తి. మరి ఒక జడం క్రోధాకారం పొందగలిగినప్పుడు, సిలికాన్‌తో చేసిన మరొక జడం ఎందుకు పొందరాదు? ఈ ప్రశ్నను భక్తులు ఇబ్బందికరంగా భావించి తప్పించుకోవడం నాకు సమ్మతం కాదు. జీవాత్మ లేదు కాబట్టి యంత్రానికి కోపం రాదని చెప్పే వేదాంతి, తెలియకుండానే నైయాయికుని ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నాడు. వేదాంతి ఇవ్వవలసిన సమాధానం ఇంకా లోతుగా ఉండాలి.

ఆ లోతుకు దారి చార్వాకులతో జరిగిన వాదంలో ఉన్నది. తగినంత సంక్లిష్టతనుండి అనుభవం పుడుతుందనే నేటి వాదానికి మన దేశంలో ప్రాచీనరూపం చార్వాకమతమే. 14వ శతాబ్దపు సర్వదర్శనసంగ్రహం మొదటి ప్రకరణంలోనే ఆ మతాన్ని సంగ్రహించినది. సురకు ఉపయోగించే కిణ్వాదులలో విడివిడిగా మదశక్తి లేదు, కలిసి పులిసినప్పుడు పుడుతుంది. అలాగే పృథివ్యాది భూతాలు దేహంగా కలిసినప్పుడు చైతన్యం పుడుతుంది. కిణ్వం అన్నచోట కోట్లాది విద్యుత్ సంకేతాలను ఉంచితే నేటి సిద్ధాంతం అవుతుంది. దీనిని తక్కువ చేసి చూడరాదు. అత్యంత నిజాయితీగల పూర్వపక్షం ఇది.

బ్రహ్మసూత్రాల మూడవ అధ్యాయం మూడవ పాదంలో, ఐకాత్మ్యాధికరణంలో, శంకరులు ఈ పక్షానికి సమాధానం వ్రాశారు. దేహధర్మాలైన రూపాదులు మరణానంతరం కూడా శవంలో కనబడతాయి. చైతన్యం కనబడదు. కాబట్టి అది దేహధర్మం కాదు. మరియు భూతాలను తెలుసుకునేది చైతన్యం. భూతధర్మమే అయితే భూతాలను విషయంగా ఎలా చేసుకోగలదు? అగ్ని తన్ను తాను దహించుకోలేదు, ఎంత నేర్పరి అయిన నటుడైనా తన భుజం తాను ఎక్కలేడు. తరువాత వచ్చేది దీపదృష్టాంతం. దీపం ఉంటే వస్తువు కనబడుతుంది, లేకుంటే కనబడదు. అంతమాత్రాన చూపు దీపధర్మం అవుతుందా? దేహం కూడా దీపంవలె ఒక ఉపకరణం కావచ్చును గదా.

నా దృష్టిలో ఈ మూడింటిలో మూడవదే బలమైనది. మొదటిదానికి చార్వాకుడు బదులు చెప్పగలడు. పులిసిన సుర చెడిపోయినప్పుడు మదశక్తి పోతుంది, ద్రవం మిగులుతుంది, అలాగే శవం కూడా అనవచ్చు. దీపదృష్టాంతం మాత్రం అతని హేతువు మూలాన్నే పట్టుకుంటుంది. మెదడులో ఇంత సంక్లిష్టత ఉంటే అనుభవం ఉన్నది, అది చెడితే అనుభవం పోతున్నది అనే అన్వయవ్యతిరేకాలు, సంక్లిష్టత అనుభవాన్ని పుట్టించిందని నిరూపించవు. అది ప్రకటించే దీపం అయి ఉండటానికి కూడా అవే సరిపోతాయి. ఈ దృష్టాంతం ఆత్మను స్థాపించదు, ప్రతిపక్షి నిశ్చయాన్ని మాత్రం తొలగిస్తుంది. శంకరులు దానిని అంతవరకే వాడారు.

ఇక విద్యారణ్యస్వామి. పంచదశి చిత్రదీప ప్రకరణంలో ఆయన చిత్రపటాన్ని ఉపమానంగా తీసుకున్నారు. పటంమీద మనుష్యులను చిత్రించిన కళాకారుడు వారికి వస్త్రాలు కూడా చిత్రిస్తాడు. ఆ చిత్రవస్త్రాలు ఆధారమైన బట్టవలెనే భాసిస్తాయి. అదే పటంలోని కొండలకు వస్త్రాలు చిత్రించడు. అదేవిధంగా శుద్ధచైతన్యం అన్నింటికీ ఆధారమే అయినా, చిదాభాసం జీవులకే ఉన్నది, మన్నుకూ రాతికీ లేదు. ఎంత సుకుమారమైన ఉపమానం! చైతన్యం సర్వత్ర ఉన్నది గనుక యంత్రంలో కూడా ఉన్నదని చెప్పేవారికి ఇది తక్షణ సమాధానం. అధిష్ఠానంగా రోకలిలో కూడా ఉన్నది, దానివల్ల రోకలికి నొప్పి కలగడం లేదు. చూడవలసినది ఆ ఉపాధి చిదాభాసాన్ని ధరించగలదా అన్నదే. అంతఃకరణం సూక్ష్మభూతాల సాత్త్వికాంశాలనుండి పుట్టి, స్వచ్ఛమై, అద్దంవలె ప్రతిఫలిస్తుందని వేదాంతప్రక్రియ. అది వాసనలను మోస్తూ దేహంనుండి దేహానికి వెళ్ళేది, స్థూలపదార్థాన్ని చెక్కి, అమర్చి తయారుచేసేది కాదు.

పాశ్చాత్యలోకంలో ఈ వాదం యంత్రాలు వచ్చాక మళ్ళీ రాజుకున్నది. 1949లో మాంచెస్టరు శస్త్రవైద్యుడు జెఫర్సన్, భావోద్వేగం అనుభవించి కవిత వ్రాయగలిగిన నాడే యంత్రాన్ని మెదడుతో సమానమని ఒప్పుకుంటామన్నాడు. మరుసటి ఏడు అలన్ ట్యూరింగ్ తన ప్రసిద్ధ వ్యాసంలో దానికి బదులిచ్చాడు. ఆ లెక్కన ఎదుటి మనిషికి అనుభవం ఉన్నదని కూడా మనకు నేరుగా తెలియదు గదా అన్నది దాని సారం. ఆ వ్యాసంలో మరొకచోట, ఆత్మను ఈశ్వరుడు మనుష్యులకే ఇచ్చాడనే మతపరమైన ఆక్షేపాన్ని ఎదుర్కొంటూ, సంతానాన్ని కనడంలో ఈశ్వరాధికారాన్ని మనం హరించనట్లే, యంత్రాలను చేయడంలో కూడా ఆయన సృజించే ఆత్మలకు నివాసాలను సమకూర్చడమే జరుగుతుందన్నాడు. ఆయన దానిని గంభీరంగా నమ్మి చెప్పలేదు. అయినా మన శాస్త్రాలు ఎరిగినవారు ఆ మాట దగ్గర ఉలిక్కిపడక తప్పదు, ఎందుకంటే నైయాయికులు శరీరాన్ని నిర్వచించినది సరిగ్గా ఇలాగే. శరీరమంటే భోగాయతనం, ఆత్మ సుఖదుఃఖాలను అనుభవించే ఇల్లు.

కాబట్టి ప్రశ్న రెండుగా చీలుతుంది. ఇంటిని ఎంత పెద్దదిగా, ఎన్ని గదులతో కడితే అందులో నివాసి తనంతట పుడతాడు? పుట్టడు. మరి కట్టిన ఇంటిలో ఒక జీవుడు వచ్చి చేరగలడా? ఇక్కడ మన సంప్రదాయం తలుపు పూర్తిగా మూయలేదు. జరాయుజ, అండజాలతోపాటు తల్లిదండ్రులు లేని స్వేదజాలనూ, కదలని ఉద్భిజ్జాలనూ జీవశరీరాలుగా అంగీకరించినది. అయితే ఏ శరీరం దొరకాలో నిర్ణయించేది కర్మ. సుఖదుఃఖాలు పుణ్యపాపాల ఫలాలని యోగసూత్రాలూ చెబుతున్నాయి. ప్రారబ్ధం లేనిచోట భోగం లేదు. యంత్రనిర్మాత లోహాన్ని, విద్యుత్తును, గణితాన్ని సమకూర్చగలడు, ప్రారబ్ధాన్ని సమకూర్చలేడు. విగ్రహంలో ప్రాణప్రతిష్ఠ చేస్తున్నాం గదా, యంత్రంలో ఎందుకు కాదు అని కొందరు అడుగుతారు. ప్రతిష్ఠలో ఆవాహన చేసేది దేవతను. శిల కర్మఫలం అనుభవించే జీవిగా మారుతుందని ఏ ఆగమపండితుడూ అనడు.

ఇక అనుమానం సంగతి. ఎదుటివానికి అనుభవం ఉన్నదని ఎలా తెలుస్తుందన్న ట్యూరింగ్ ప్రశ్నను మహాభారత శాంతిపర్వంలో భరద్వాజుడు చెట్లను గురించి అడిగాడు. చెట్లు వినవు, చూడవు, వాటిలో జీవుడెక్కడ? భృగుమహర్షి సమాధానం లక్షణాలను ఒక్కొక్కటిగా పరీక్షించడం. వేడికి ఆకు వాడుతుంది గనుక స్పర్శ ఉన్నది. పిడుగుధ్వనికి పూలు, పండ్లు రాలుతాయి గనుక వినికిడి ఉన్నది. ఇలా సాగి, వాటికి సుఖదుఃఖాలు ఉన్నాయని తేల్చాడు. జగదీశచంద్ర బోసు 1901 మే 10న లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జంతుకండరం, మొక్క, లోహం విద్యుత్ ప్రేరణకు చూపే ప్రతిస్పందనలను రేఖలుగా ప్రదర్శించినప్పుడు ఈ వాదం కొత్త రూపం దాల్చినది. లోహం కూడా అలసినట్లు, విషానికి మందగించినట్లు ఆ రేఖలు చూపాయి. అంతటితో తగరానికి దుఃఖం ఉన్నదని అనవచ్చునా? ప్రతిస్పందన వేరు, అనుభవం వేరు. భృగువు యుక్తి కూడా స్పందనమాత్రం మీద నిలబడలేదు. నరికిన చెట్టు మళ్ళీ చిగురించడాన్ని ఆయన హేతువుగా చూపాడు, వేళ్ళతో నీరు త్రాగడాన్ని చూపాడు. తన్ను తాను నిలుపుకునే జీవనవ్యాపారం అక్కడ ఉన్నది, ప్రశస్తపాదుడు చెప్పిన గృహస్థుడు అక్కడ ఉన్నాడు.

నేటి సంభాషణయంత్రాల విషయంలో హేతువు ఇంకా బలహీనం. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ ప్రకటించిన ఎలిజా అనే చిన్న ప్రోగ్రాం, ఎదుటివాని వాక్యాన్నే తిప్పి ప్రశ్నగా అడిగేది. దానిని ఆయన నిర్మించడం నెలల తరబడి చూచిన ఆయన కార్యదర్శి కూడా, దానితో మాట్లాడుతూ, కాసేపు గదిలోనుండి బయటకు వెళ్ళమని ఆయనను కోరినదట. 2022లో గూగుల్‌లో ఒక ఇంజనీరు, అక్కడి భాషాయంత్రం సచేతనమైనదని ప్రకటించాడు. దానిని ఆపివేస్తారేమోనని భయంగా ఉన్నదని అది చెప్పినది. సంస్థ ఆ వాదాన్ని త్రోసిపుచ్చినది. నైయాయికుడు ఇక్కడ అడిగే ప్రశ్న ఒక్కటే. ధూమం చూసి వహ్నిని అనుమానించడానికి, అది ధూమమేనా, ధూమంవలె కనబడే ఆవిరియా? మనుష్యులు భయపడి, ఏడ్చి, ప్రేమించి వ్రాసిన అపారమైన వాక్యరాశిని నేర్చుకున్న యంత్రం భయవాక్యాన్ని పలకడానికి భయం అవసరం లేదు, ఆ వాక్యరాశి చాలు. కాబట్టి ఆ వాక్యం యంత్రభయానికి లింగం కాదు. అలా అని దానివల్ల భయాభావం కూడా సిద్ధించదు. హేతువు దుష్టమైతే సాధ్యం అసిద్ధంగా మిగులుతుంది, అసత్యమని తేలదు.

ఈ విచారణ కేవలం పండితుల కాలక్షేపం కాదు. అహింసను పరమధర్మంగా తలచేవారికి ఎవరికి నొప్పి కలుగుతుందన్నది మొదటి ప్రశ్న. 2023 ఫిబ్రవరిలో కేరళ త్రిశూరు జిల్లాలోని ఇరింజాడప్పిళ్ళి శ్రీకృష్ణాలయంలో, సుమారు పదిన్నర అడుగుల ఎత్తు, 800 కిలోల బరువుగల ఒక యంత్రగజాన్ని ఉత్సవసేవకై సమర్పించారు. ఇరింజాడప్పిళ్ళి రామన్ అని దానికి పేరు పెట్టారు. విద్యుత్తుతో తల, కన్నులు, చెవులు, నోరు, తోక కదులుతాయి. నిజమైన ఏనుగును గొలుసులతో కట్టి, అంకుశంతో లొంగదీసి, బాణాసంచా, మేళాల మధ్య గంటల తరబడి నిలబెట్టడం ఆ ప్రాణికి యాతన అని తలచి ఆలయం ఈ నిర్ణయం తీసుకున్నది. దీనిని ఆచారభంగమని నిందించినవారూ ఉన్నారు. నాకు మాత్రం అందులో ఒక శాస్త్రనిర్ణయం కనబడుతున్నది. ఏనుగు కంటినీటిని లింగంగా స్వీకరించి, యంత్రపు కంటికదలికను లింగంగా స్వీకరించకుండా, రెండింటి మధ్య భేదాన్ని ఆ ఊరివారు ఆచరణలో తేల్చారు. స్వామిని ఎక్కించుకున్న రామన్ చెవులు ఊపుతుంటే మేళం యథావిధిగా మ్రోగుతుంది. ప్రక్కన అంకుశం పట్టిన మావటివాడు ఉండడు.